గ్రాఫిక్స్ కార్డుకు పెట్టిన బొట్టు

నవ్వుతామంటేనే చెప్త. మీరు నవ్వకుంట మొఖాలు ముడుసుకొని కూసుంటే నాకు ఇంక పానం బాగుండదు. పోయిన వారం నేను చేసిన ఒక తెలివిగల్ల పనికి, సచ్చిపోయిన మనిషి మొఖం ఆయన పెండ్లానికి మళ్ళ కనవడకుంట పోతుండె. కొద్దిల తప్పింది. తప్పిచ్చింది గూడ నేను గాదు!

ముందుగాల చాయ్ తాగున్రి. సల్లారితే మళ్ళ నన్నే అంటరు.

మీకెర్కే గద, పటాన్‌చెరుల మా ఫోర్జింగ్ ఫ్యాక్టరీల నేను టైమాఫీస్ క్లర్కును. హాజరు, గేట్ పాసులు, మెడల ఏసుకునే ఫొటో కార్డులు, అన్నీ నా టేబుల్ మీదికెళ్లే పోవాలె. మా ఆఫీసుల కంప్యూటర్ ఒక్కటే, దానికి దిక్కు నేనొక్కన్నే. రామచంద్రాపురంల మూడు నెలలు కంప్యూటర్ కోర్సు చేసిన్నని ఒక్క దినం నోరు జారిన. ఇగ అప్పటి సంది కూలర్ తిరగకపోయినా "మాణిక్యం సారును పిలువున్రి" అంటరు. నేను గూడ తెలిసినట్టే పోయి నిలవడ్త. గదే నాకున్న రోగం.

ఆ కంప్యూటర్ స్క్రీన్ మీద ఆరు నెలల సంది గీతలు. ఎవ్వల ఫొటో తెరిచినా జైల్ల కంబీల ఎనుక నిలవడ్డట్టే కనవడ్తరు. లోపల గ్రాఫిక్స్ కార్డు పాడైంది, అంటే బొమ్మను తెర మీదికి తెచ్చే కార్డు. కొత్తది కావాలె సార్, కొత్తది కావాలె సార్ అని అడిగి అడిగి నా గొంతు పోయింది. ఆఖరికి మేనేజర్ సారు తెప్పిచ్చిండు. "టెక్నీషియన్‌ను పిలుద్దామా మాణిక్యం?" అన్నడు పాపం.

"నాలుగు స్క్రూల పనికి టెక్నీషియన్ ఎందుకు సార్?" అన్న.

చూసిన్రా? గా మాట నోట్ల పెట్టుకొని మింగితే ఇయ్యాల మీకు చెప్పటానికి నా తాన ఏ ముచ్చట లేకపోవు.

గదే దినం మాపటికి ఫోర్‌మన్ యాదయ్య మేస్త్రి వచ్చిండు. మా హ్యామర్ షాపుల, అంటే కాల్చిన ఇనుమును సాగగొట్టే కాడ, సాయిలు అని ఒకాయన ఉండె. కొండాపూర్ దిక్కు పల్లె నుంచి బస్సుల వచ్చి పోతుండె. ఇరవై ఏండ్ల సర్వీసు, ఒక్క లొల్లి లేదు. లీవ్ కాయితం తెచ్చినా చెప్పులు బయట ఇడిసి లోపటికొచ్చేటోడు. "అరె, గిది గుడా సాయన్నా, చెప్పులేసుకొని రా" అంటే నవ్వి ఊకునేటోడు. గంతటి మనిషి గుండె పట్టేసి, దవాఖాన మొఖం చూడకముందే పోయిండు. అప్పటికి తొమ్మిది దినాలాయె.

"రేపు సాయిలు పెండ్లాం వస్తది మాణిక్యం," అన్నడు మేస్త్రి. "ఎల్లుండి పదకొండో దినం, దినాలు. దండ ఎయ్యటానికి ఫొటో గావాలె. ఇంట్ల ఒక్క ఫొటో లేదంట. మెడల కార్డు ఆయన అంగి జేబుల్నే ఉండెనంట, ఆయనతోనే కాలిపోయింది. మన పాత ఫైళ్లేమో చెదలు తిన్నయి. నీ కంప్యూటర్ల ఒక్కటే ఉన్నది ఆయన మొఖం."

"రమ్మను మేస్త్రీ. రెండు నిమిషాల పని."

ఇంటికి పోయినంక నిద్ర పట్టలే. ఆ గీతల స్క్రీన్ మీద, కంబీల ఎనుక, మొగన్ని ఎట్ల చూపియ్యాలె ఆమెకు? పొద్దుగాల జల్దీ పోయి కొత్త కార్డు బిగిస్తే, ఆమె వచ్చేసరికి సాయిలు మొఖం సాఫ్‌గ కనవడ్తది గద! మంచిదనుకునే అనుకున్న భయ్. నేను చెడగొట్టిన పనులన్నీ గిట్ల మంచిదనుకొని మొదలువెట్టినయే.

ఎనిమిదింటికే పోయిన. కంప్యూటర్ డబ్బా ఇప్పిన. పాత కార్డు పీకిన. కొత్తదాన్ని చేతిల పట్టుకొని ఆగిన.

ఎందుకంటరా? మా ఫ్యాక్టరీల ఒక రివాజు ఉన్నది. కొత్త మోటర్ వచ్చినా, కొత్త ఫ్యాన్ వచ్చినా, ఆఖరికి కొత్త సుత్తె వచ్చినా, పసుపు కుంకుమ పెట్టంది ఎవ్వలు చెయ్యి పెట్టరు. ఒకపారి ఒక డ్రిల్లింగ్ మిషన్‌కు బొట్టు మర్చిపోయి స్విచ్ ఏసిన్రు. మొదటి షిఫ్టులనే ఒకాయన ఏలు నలిగింది. మిషన్ గార్డు లూజుండె అని తర్వాత తేలింది గని, మా మనసుల నుంచి ఆ బొట్టు మాట పోతదా?

అందుకే గోడకున్న అమ్మవారి పటం కాడి గిన్నె తెచ్చిన. పసుపు తడిపిన. ఇగ బొట్టు ఏడ పెట్టాలె? ఆ కార్డు మీద ఎటు చూసినా బొడిపెలు, తీగలు, నడుమ చిన్న ఫ్యాను. ఏలు మోపుదామంటే సందు లేదు. కింద అంచుకు మాత్రం వడ్డాణం లెక్క బంగారు రంగుల మెరుసుకుంట, దువ్వెనకున్నట్టు సన్న సన్న పండ్లున్నయి. అబ్బ, ఎంత బాగున్నది జాగ అనుకున్న. గాడ పెట్టిన! ఒక దిక్కు మూడు, ఇంకో దిక్కు మూడు. పసుపు మీద కుంకుమ. ఊదుబత్తి తిప్పిన. దండం పెట్టి, కార్డును స్లాట్‌ల పెట్టి గట్టిగ నొక్కిన. టక్ అన్నది. నాకెంత సంబురమైందో!

స్విచ్ ఏసిన.

బీ...ప్. బీప్. బీప్.

తెర మీద ఏం లేదు. నల్లగ.

మళ్ళ ఏసిన. మళ్ళ గదే. ఒకటి పొడుగ్గ, రెండు పొట్టిగ. మానిటర్ వైర్ పీకి పెట్టిన, దాని నెత్తి మీద రెండు దెబ్బలు కొట్టిన, కాళ్ళు మొక్కుడొక్కటి తక్కువ. తొమ్మిదైంది. తొమ్మిదిన్నరైంది. షర్టు ఎనుక అంతా చెమట. ఇంతల తలుపు కాడ చప్పుడు.

మల్లమ్మ. సాయిలు పెండ్లాం. ఎనుక ఆమె బిడ్డ అనిత, పెండ్లయి శంకర్‌పల్లి దిక్కు ఉంటదంట. మల్లమ్మ గూడ చెప్పులు బయటనే ఇడిసింది. "లోపటికి రా అవ్వా, కూసో" అని కుర్సీ ఏసిన. ఆమె కుర్సీల అంచుకు కూసున్నది. నొసట పైస బిళ్లంత బొట్టున్నది.

"ఫొటో ఇస్తరంట గద సారు."

"ఇస్త అవ్వా, గిప్పుడే. జెర మిషన్ ఏడెక్కాలె." ఏం మాట్లాడుతున్ననో నాకే ఎరుక లేదు.

బీ...ప్. బీప్. బీప్.

ఆమె దానిదిక్కు చూసింది. "ఎందుకు ఏడుస్తుంది సారు అది?"

కొత్త కార్డు పీకి పక్కకు పెట్టిన. పాత కార్డునే మళ్ళ పెడ్త, గీతలుంటే గీతలాయె, మొఖమైతే కనవడ్తది అనుకున్న. పెట్టిన. స్విచ్ ఏసిన. అదీ గట్లనే ఏడ్సింది! నిన్నటిదాక నడిచిన కార్డు! అప్పుడు పుట్టింది నాకు అసలు భయం.

సికింద్రాబాద్ల మా కంప్యూటర్ దుకాణం ఇర్ఫాన్ భాయ్‌కి ఫోన్ కొట్టిన. టైమాఫీస్ ఫోన్‌ల ఆవాజ్ ఎంత పెద్దదంటే, అవతలోడు మాట్లాడితే రూమంతా వినవడ్తది.

"మాణిక్యం భాయ్, కైసా ఆవాజ్ ఆరా? కిత్తే బార్?" ఎట్ల మోగుతున్నది, ఎన్నిమార్లు అని అడుగుతుండు.

"ఒక్కటి లంబా, రెండు ఛోటా భాయ్."

"కుచ్ నై జీ. కార్డ్ నికాలో. నీచే సోనే కే దాంతాఁ హై నా, రబ్బర్ సే రగ్డో. సాఫ్ కర్కే లగావ్."

కార్డు తీసి, కింద బంగారు పండ్లను రబ్బర్‌తోని రుద్దుమంటుండు. నేను రబ్బర్ చేతిలకు తీసుకున్న. కొత్త కార్డు దిక్కు చూసిన. బొట్లున్నయి. జెర చెదిరినయి గని ఉన్నయి. దండం పెట్టి పెట్టిన బొట్టును, ఒక్క పూట కాకముందే నా చేతులతోని ఎట్ల తుడవాలె? గాడ ఆ డ్రిల్లింగ్ మిషన్ కథ యాదికొచ్చింది. రబ్బర్ టేబుల్ మీద పెట్టేసిన భయ్.

"రుద్దిన భాయ్," అన్న. "రెండు కార్డులూ పెట్టి చూసిన, అయినా వస్తలేదు."

అబద్ధం! పచ్చి అబద్ధం!

అవతలికెళ్లి ఇర్ఫాన్ భాయ్ అన్నడు, "దోనో కార్డాఁ నై చల్రే? తో ఫిర్ మదర్‌బోర్డ్ గయా భాయ్. లేకే ఆవ్. తీన్ దిన్ లగేంగే."

మదర్‌బోర్డు పోయిందంట. మూడు దినాలంట. దినాలు రేపు. నేను చెప్పిన అబద్ధానికి డాక్టర్ సరైన మందే రాసిండు, ఆయన తప్పేమున్నది? ఫోన్ పెట్టేసిన. అకౌంట్స్ వాళ్లకు ఇంకో కంప్యూటర్ ఉన్నది, సాయిలు ఫొటో ఉన్న డిస్కు దాంట్ల పెట్టి చూస్త అని పోయి అడిగిన. "నీది సంపినవ్ గద, మాది గూడ సంపుతవా?" అని తలుపు దగ్గరికేసిన్రు. తిట్టబుద్ధయింది గని ఏమని తిట్టాలె, ఆ మాటల తప్పు లేదు.

వచ్చి మల్లమ్మ ముందర నిలవడ్డ.

"అవ్వా... ఇయ్యాల కాదు. మిషన్ ఖరాబైంది. నా వల్లనే."

ఆమె లొల్లి జేస్తే బాగుండు, తిడితే బాగుండు. కొంగు ముడి ఇప్పి ఓటు కార్డు తీసి నా చేతిల పెట్టింది. "స్టుడియోల గిదిస్తే పెద్దగ చెయ్యరాదన్నడు సారు."

చూసిన. మీకెర్కే గద ఆ కార్డుల మనం ఎట్లుంటమో. నల్లగ ఒక మచ్చ, దాంట్ల తెల్లగ రెండు కండ్లు. గది సాయిలంటే సాయిలు, నేనంటే నేను. అనిత మొఖం అటు తిప్పుకొని ఏడుస్తున్నది. "మా బాపు మొఖం పిల్లలకు ఎట్ల సూపియ్యాలె" అంటున్నది. నాకు భూమి పగిలి లోపలికి పోతే బాగుండు అనిపిచ్చింది.

అప్పుడు మల్లమ్మ మెల్లగ అన్నది.

"సారు, ఆ ఫోన్ల ఆయన రబ్బరుతోని రుద్దుమన్నడు గద."

"ఆఁ... రుద్దిన అవ్వా."

"రుద్దలే. నేను సూస్తనే ఉన్న."

భయ్, ఆఫీసర్ల ముందర అబద్ధమాడి గూడ తప్పిచ్చుకున్న నేను. ఆమె ముందర నా అబద్ధం నడవలే. కార్డు చూపిచ్చిన. "బొట్టు పెట్టిన అవ్వా. పెట్టిన బొట్టు తుడిస్తే ఏమన్న అయితదేమోనని..."

ఆమె కార్డు దిక్కు చూసింది. నా దిక్కు చూసింది.

"రేపు పొద్దుగాల బాయి కాడ నా బొట్టు తుడుస్తరు బిడ్డా," అన్నది. "ఇరవై ఎనిమిదేండ్ల బొట్టు. మనిషిది తుడవొచ్చు గని, ఇనుప ముక్కది తుడవొద్దా? ఇటు తే."

నా చేతిలకెళ్లి కార్డు గుంజుకొని, కొంగుతోని, ఒక దిక్కు మూడు, ఇంకో దిక్కు మూడు, తుడిచేసింది. చిన్న పిల్ల ముక్కు తుడిచినట్టు తుడిచింది. నేను సిగ్గుతోని గోడ దిక్కు చూసిన.

ఇగ నాకు సోయొచ్చింది. రబ్బర్ పట్టుకొని రుద్దిన, తళతళ మెరిసేదాక రుద్దిన. టార్చి లైటు పెట్టి స్లాట్‌ల చూస్తే, లోపలంతా పచ్చగ! తడి పసుపు నొక్కి నొక్కి నేనే లోపలికి కూరిన. పాత కార్డు ఎందుకు నడవలేదో అప్పుడు సమజైంది. టైప్‌మిషన్ తుడిచే పాత బ్రష్షు ఎతికి, సందు సందు తుడిచిన. ఊదిన. మళ్ళ తుడిచిన. కొత్త కార్డు పెట్టి, ఈసారి ఏ దేవునికీ దండం పెట్టకుంట స్విచ్ ఏసిన.

బీప్.

ఒక్కటే. పొట్టిది. తెర మీద తెల్ల అక్షరాలు జరజర ఉరికినయి. నేను కేక కొట్టిన! యాదయ్య మేస్త్రి ఎవలకేమైందోనని షాపులకెళ్లి ఉరికొచ్చిండు.

సాయిలు ఫొటో తెరిచిన. మొఖం వచ్చింది గని, అయ్యో, దవడలు పచ్చగ, నొసలు నీలంగ! "మా ఆయన గిట్ల ఉండడు సారు" అన్నది మల్లమ్మ భయంగ. "ఆగు అవ్వా, రంగులు ఇంక నిండలే" అని చెప్పి, కార్డుతోని వచ్చిన సీడీ ఎక్కిచ్చిన. కంప్యూటర్‌ను ఒకపారి బంద్ జేసి మళ్ళ ఏసిన. మళ్ళ ఫొటో తెరిచిన.

సాయిలు. గీతల్లేవు, మచ్చల్లేవు. గడ్డం గీక్కొని, తల దువ్వుకొని, ఎవలో పిలిచినట్టు జెర ముందుకు వంగి చూస్తుండు.

మల్లమ్మ లేచి దగ్గరికొచ్చింది. అద్దం మీద ఏలు పెట్టి చెంప కాడ రాసింది. "గీ దినం యాదున్నది," అన్నది. "సారు నన్ను పెండ్లికొడుకును జేసిండే అని ఇంటికొచ్చి ఒకటే నవ్వుడు." ఇగ కూలవడ్డది కుర్సీల. అనిత పట్టుకున్నది. నేను ఫొటోను ఫ్లాపీల ఎక్కిచ్చుకొని, సైకిలేసుకొని బస్టాండ్ కాడి స్టుడియోకు ఉరికిన. అక్కడ ఉంటే నేను గూడ ఏడుద్దును.

నాలుగింటి బస్సుకు ఫ్రేమ్ కట్టిచ్చి ఇచ్చి పంపిన. పో, మాణిక్యం, బచాయించినవ్ అనుకున్న.

అయిపోయిందనుకుంటున్రా? ఆగున్రి.

తెల్లారి దినాలకు నేనూ మేస్త్రీ పోయినం. పోకపోతే ఎట్ల? టెంటు ఏసిన్రు, జనం మస్తున్నరు. ఇంటి ముందర కుర్సీల సాయిలు ఫొటో, పెద్దగ, బంతి పూల దండ. చెప్పులిడిసి పోయి దండం పెట్టిన. తల ఎత్తి ఫొటోను మంచిగ చూసిన.

కంప్యూటర్ల ఫొటో తెరిచినప్పుడు మొఖం ఒక్కటే చూసిన, మెడ కింద ఏమున్నదో చూడలే. సాయిలు ఒంటి మీద నీలం గీతల అంగి. జేబు మీద గుండీ. కాలర్ కాడ చిన్న పూల కుట్టు.

ఆ అంగి నాది. ఫొటో తీసిన దినం ఆయన డ్రెస్సంతా మసి ఉండె. "గిట్ల దిగుతవా సాయన్నా" అని నా అంగి ఇప్పి ఆయనకు తొడిగి, ఫొటో అయ్యేదాక నేను బనీన్ మీద కూసున్న.

నాది అయితే అయింది. దాంట్ల ఏమున్నది? కాని దినాలకు నేను ఏసుకొని పోయింది గూడ గదే అంగి! బయటికేసుకునే మంచి అంగీలు నాకున్నయే రెండు.

ఒక్కొక్కలు ఫొటో చూస్తున్నరు. నన్ను చూస్తున్నరు. మళ్ళ ఫొటో చూస్తున్నరు. ఎనుక సాయిలు తమ్ముడు ఎవలతోనో అంటున్నడు, మెల్లగ అనుకున్నడు గని నాకు వినవడ్డది.

"గీ సారు ఎవలే? మా అన్న అంగి ఏసుకొని వచ్చిండు!"

నాదే బాబూ, నాదే అని చెప్పుదామని ఎనుకకు మర్రిన. అప్పుడే మల్లమ్మ ఇంట్లకెళ్లి బయటికొచ్చింది. నొసలు ఖాళీగున్నది. గాజుల్లేవు. చూడబుద్ధి కాలే నాకు. ఆమె ఫొటో దిక్కు చూసింది. నా అంగి దిక్కు చూసింది. నా మొఖం చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది, ఏడుస్తుందనుకున్న. భుజాలు కదులుతున్నయి. నవ్వుతున్నది భయ్! కండ్లల్ల నీళ్లు కారుకుంట, కడుపు పట్టుకొని నవ్వుతున్నది.

అనిత నా పక్కకొచ్చి అన్నది, "పదకొండు దినాలల్ల మా అవ్వ నవ్వుడు గిదే మొదలు సారు."

ఇగ తెరిచిన నోరు మూసుకున్న. సాయిలు అంగే అనుకోనియ్యి. బంతిల కూసొని బువ్వ తిన్న, అటు ఇటు ఎవలి దిక్కు చూడకుంట, సచ్చినాయన అంగి ఎత్తుకపోతున్న దొంగ లెక్క బస్సెక్కిన.